సైకిల్‌పై వెళ్తూ పడిపోయారా? చికిత్స, పరిహారం నుంచి మళ్లీ రోడ్డెక్కే దాకా ఏం చేయాలంటే..

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 4,800 మందికి పైగా సైకిల్ మీద వెళ్తున్నవారే. అంటే సగటున రోజుకు 13 మంది. కాలో చెయ్యో విరిగి ఇంట్లో కూర్చున్నవారు ఈ లెక్కలో లేరు.

సైకిల్ అనగానే ఆదివారం తెల్లవారుజామున హెల్మెట్ పెట్టుకుని వికారాబాద్ దారి పట్టే ఐటీ ఉద్యోగులే గుర్తొస్తారు. కానీ రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే వాచ్‌మన్, హ్యాండిల్‌కు క్యారేజీ తగిలించుకుని పనికి వెళ్లే మేస్త్రీ, పుస్తకాల సంచితో బడికి వెళ్లే అమ్మాయి కూడా అదే రోడ్డు మీద ఉంటారు. పడితే దెబ్బ అందరికీ ఒకటే. ఆ తర్వాత ఎవరిని అడగాలో తెలియకపోవడమూ చాలామందికి ఒకటే.

పడిన తర్వాత మూడు ప్రశ్నలు వస్తాయి. ఆస్పత్రి ఖర్చు ఎవరు పెడతారు? మళ్లీ సైకిల్ ఎక్కే ధైర్యం ఎలా వస్తుంది? ఈసారి ఏం కొనుక్కోవాలి? ఈ మూడింటికీ జవాబు ఒకే చోట మొదలవుతుంది. మీరు ఎందుకు పడ్డారు అన్నదే ఆ చోటు. వాహనం ఢీకొట్టిందా, రోడ్డు బాగోలేక పడ్డారా, మీకు మీరే అదుపు తప్పారా అన్నదాన్ని బట్టి చట్టంలో మీకు తెరుచుకునే తలుపు మారుతుంది. మీరు చేయాల్సిన సాధన, కొనాల్సిన వస్తువు కూడా మారతాయి.

పడిన వెంటనే ఏం చేయాలి?

ముందు రోడ్డు మధ్య నుంచి పక్కకు రండి. మెడ, వెన్ను నొప్పిగా ఉంటే మాత్రం కదలకుండా సాయం కోసం కేక వేయండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయించండి. జాతీయ రహదారి మీద అయితే 1033 నంబర్ కూడా ఉంది.

తలకు దెబ్బ తగిలితే హెల్మెట్ ఉంది కదా అని వదిలేయకండి. వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మత్తుగా ఉండటం, మాట తడబడటం, ఫిట్స్, చెవి లేదా ముక్కు నుంచి నీరులా కారడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మొదటి 24 గంటలు ఒంటరిగా ఉండకండి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఏ లక్షణమూ లేకపోయినా డాక్టర్‌కు చూపించుకోవాలి. పడేటప్పుడు చేయి ఆనించిన వారికి బొటనవేలి మొదట్లో నొప్పి తగ్గకపోతే మళ్లీ ఎక్స్‌రే అడగండి. అక్కడి చిన్న ఎముక విరిగితే మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడదు. రోడ్డుకు గీసుకుపోయిన గాయాలకు టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.

ఆస్పత్రిలో మరో మాట తప్పక చెప్పాలి. "కింద పడ్డాను" అని ఊరుకోకుండా ఎక్కడ, ఏ సమయానికి, ఏ వాహనం వల్ల పడ్డారో చెప్పి రాయించండి. తర్వాత పరిహారం అడిగేటప్పుడు ముందుగా చూసే కాగితాల్లో ఇదొకటి. పక్కన ఉన్నవారితో నాలుగు ఫొటోలు తీయించండి. రోడ్డు, సైకిల్, వాహనం నంబర్, మీ గాయం ఉంటే చాలు.

మిమ్మల్ని ఆస్పత్రికి చేర్చినవారికి పోలీసుల భయం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ వారికి రక్షణ ఇస్తోంది. పేరు, చిరునామా చెప్పమని, సాక్షిగా రమ్మని వారిని బలవంతపెట్టకూడదు.

వాహనం ఢీకొట్టి పడితే ఖర్చు ఎవరిది?

కేంద్రం 2025 మే 5 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకం అమలులోకి తెచ్చింది. మోటారు వాహనం వల్ల ప్రమాదం జరిగితే, గుర్తింపు పొందిన ఆస్పత్రిలో 7 రోజుల వరకు, రూ. 1.5 లక్షల దాకా చికిత్స అందుతుంది. ఏ రోడ్డు అన్నదానితో సంబంధం లేదు. సైకిల్ మీద వెళ్తున్నవారికీ, నడిచి వెళ్తున్నవారికీ వర్తిస్తుంది. గుర్తింపు లేని ఆస్పత్రికి వెళ్తే ప్రాణాపాయం తప్పించేంత చికిత్స వరకే ఈ పథకం కింద వస్తుంది. ఇది మోటారు వాహన ప్రమాదమేనని పోలీసుల నుంచి ధ్రువీకరణ కావాలి కాబట్టి ఫిర్యాదు ఆలస్యం చేయొద్దు.

పరిహారం వేరే సంగతి. దానికి మొదటి మెట్టు పోలీస్ స్టేషన్. 2022 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక ఇవ్వాలి. 10 రోజుల్లో బాధితుడి హక్కులు వివరించే పత్రం మీకు ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదికను ట్రైబ్యునల్‌కు పంపాలి. ఈ పత్రం ఇవ్వకపోతే స్టేషన్‌కు వెళ్లి అడగండి. అది మీ హక్కు.

మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో కేసు వేయడానికి ప్రమాదం జరిగిన ఊరికే వెళ్లక్కర్లేదు. మీరు నివసించే చోట కూడా వేయొచ్చు. చట్టంలో రాసిన గడువు 6 నెలలు. ఈ గడువు నిబంధన మీద సుప్రీంకోర్టులో విచారణ సాగింది. అయినా దాన్ని నమ్ముకుని ఆగకుండా 6 నెలల లోపే వేయడం మంచిది. డ్రైవర్ తప్పు నిరూపించకుండానే పరిహారం అడిగే దారి కూడా ఉంది. 164 సెక్షన్ కింద మరణానికి రూ. 5 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 2.5 లక్షలు నిర్ణయించారు. నష్టం ఇంతకంటే ఎక్కువ, డ్రైవర్ తప్పు స్పష్టం అనుకుంటే 166 సెక్షన్ కింద వేస్తారు. రెండింటిలో ఏది మేలో లాయర్‌తో మాట్లాడి తేల్చుకోండి. లాయర్‌ను పెట్టుకునే స్థోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయొచ్చు.

గుద్ది పారిపోతే?

తెల్లవారుజామున, రాత్రిపూట తిరిగే సైక్లిస్టులకు ఎక్కువ భయం దీని గురించే. వాహనం ఏదో తెలియకపోయినా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు మరణమైతే రూ. 2 లక్షలు, తీవ్ర గాయమైతే రూ. 50,000 ఇస్తారు. అంతకు ముందు ఇవి రూ. 25,000, రూ. 12,500 మాత్రమే.

"నాది తీవ్ర గాయం కాదులే" అని చాలామంది వదిలేస్తారు. చట్టం దృష్టిలో ఎముక విరగడం, కీలు తప్పడం, పన్ను ఊడటం కూడా తీవ్ర గాయమే. సైకిల్ మీద నుంచి భుజం మీద పడేవారికి తరచూ విరిగే కాలర్ బోన్ కూడా ఇందులోకి వస్తుంది.

ప్రమాదం జరిగిన ప్రాంతపు క్లెయిమ్స్ విచారణాధికారికి దరఖాస్తు ఇవ్వాలి. సాధారణంగా ఈ బాధ్యత రెవెన్యూ అధికారులకు ఉంటుంది. ఎవరికి ఇవ్వాలో తహసీల్దార్ లేదా ఆర్డీఓ కార్యాలయంలో చెబుతారు. ఎఫ్‌ఐఆర్ నకలు, వైద్య ధ్రువపత్రాలు, గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు జత చేయాలి. విచారణాధికారి నెలలో నివేదిక ఇస్తే జిల్లా కలెక్టర్ స్థాయిలో మంజూరు చేస్తారు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది.

గుంతలో పడితే, లేదా మీకు మీరే పడితే?

చట్టంలో పెద్ద ఖాళీ ఇక్కడే ఉంది. పైన చెప్పిన నగదు రహిత చికిత్స, ట్రైబ్యునల్, గుద్ది పారిపోయిన కేసుల పరిహారం.. మూడింటికీ మోటారు వాహనం ప్రమేయం ఉండాలి. మూత లేని మ్యాన్‌హోల్‌లో ముందు చక్రం దిగి పడితే ఆ తలుపులు మూసుకుపోతాయి.

రోడ్డు సరిగా కట్టకపోవడం, నిర్వహించకపోవడం వల్ల ఎవరైనా చనిపోతే లేదా వికలాంగులైతే 198ఏ సెక్షన్ కింద అధికారికి, కాంట్రాక్టర్‌కు రూ. లక్ష దాకా జరిమానా వేయొచ్చు. కానీ ఆ డబ్బు బాధితుడికి చేరదు, ప్రమాదాల నిధికి వెళ్తుంది. మహారాష్ట్రలో బొంబాయి హైకోర్టు 2025 అక్టోబర్‌లో ఈ ఖాళీని కొంత పూడ్చింది. గుంతలు, తెరిచి ఉన్న మ్యాన్‌హోళ్ల వల్ల మరణిస్తే రూ. 6 లక్షలు, గాయపడితే రూ. 50,000 నుంచి రూ. 2.5 లక్షల వరకు ఇవ్వాలని ఆదేశించింది. అది ఆ రాష్ట్రానికి సంబంధించిన ఆదేశం. మిగతా చోట్ల బాధితులు సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లి పోరాడాలి.

అందుకే గుంతలో పడినప్పుడు ఫొటో, ఫిర్యాదు ఇంకా ముఖ్యం. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ నంబర్ 040-21111111. జాతీయ రహదారి అయితే 1033 లేదా రాజ్‌మార్గ్ యాత్ర యాప్. ఆంధ్రప్రదేశ్‌లో 1100. కలెక్టరేట్లలో సోమవారాల్లో అర్జీలు తీసుకుంటారు. ఫిర్యాదు నంబర్ దాచుకోండి. అదే గుంతలో రేపు ఇంకొకరు పడితే "మాకు తెలియదు" అనే అవకాశం అధికారులకు ఉండదు.

చికిత్స ఖర్చుకు ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, మీ ఉద్యోగంలోని ఆరోగ్య బీమా పనికొస్తాయేమో చూడండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి రూ. 20 కడితే ప్రమాద మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి రూ. 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రూ. లక్ష వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వారు బ్యాంకులో చేరవచ్చు. అయితే ఎముక విరిగి అతికితే ఈ పథకంలో డబ్బు రాదు. ఆస్పత్రి బిల్లుకు ఇది బదులు కాదని గుర్తుంచుకోవాలి.

సైకిల్ మళ్లీ తొక్కడానికి పనికొస్తుందా?

మీ గాయం మానింది కదా అని సైకిల్ కూడా బాగున్నట్టు కాదు. హ్యాండిల్ ముందు చక్రంతో సూటిగా ఉందా? చక్రం తిప్పితే పక్కలకు ఊగుతోందా? బ్రేక్ లివర్ వంగిందా? ఫోర్క్ వెనక్కి వంగిందా? ఫ్రేమ్ గొట్టాలు కలిసే చోట పెయింట్ చీలిందా? ఇవన్నీ చూడండి.

గేర్ల సైకిల్ కుడివైపు పడితే వెనుక గేర్ మార్చే భాగాన్ని పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క వంగుతుంది. పైకి పెద్దగా తెలియదు. పెద్ద పళ్ల చక్రం మీదకు గేర్ మార్చగానే అది చువ్వల్లో ఇరుక్కుని మళ్లీ పడేస్తుంది. షాపులో ముందు దీన్ని సరిచేయించండి. కార్బన్ ఫ్రేమ్, కార్బన్ హ్యాండిల్ అయితే లోపల చీలిక ఉన్నా పైకి కనిపించకపోవచ్చు. తెలిసిన మెకానిక్ చూసే దాకా తొక్కొద్దు.

భయం ఎలా పోతుంది?

"రెండు రోజులు తొక్కితే అదే పోతుంది" అంటారు ఇంట్లోవాళ్లు. కొందరికి పోతుంది. చాలామందికి పోదు. ఎందుకు పడ్డామో తెలియనంత కాలం మనసు ప్రతి మలుపునూ, ప్రతి హారన్‌నూ అనుమానిస్తుంది. కారణం తెలిస్తే భయం ఆ ఒక్క చోటికి పరిమితమవుతుంది. అప్పుడు దాని మీద పని చేయొచ్చు.

ముందు బ్రేక్ ఒక్కటే గట్టిగా నొక్కి ఎగిరి పడ్డారా? ఖాళీ మైదానంలో రెండు బ్రేకులూ కలిపి నొక్కుతూ, ఒంటిని సీటు వెనక్కి జరుపుతూ ఆగడం సాధన చేయండి. మలుపులో కంకర మీద జారారా? మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేక్ ముట్టకుండా, వెళ్లాల్సిన వైపే చూస్తూ తిప్పడం నేర్చుకోండి. గుంతనే చూస్తూ ఉంటే సైకిల్ అటే పోతుంది. వర్షంలో మ్యాన్‌హోల్ మూత, రోడ్డు మీది తెల్ల గీతలు, రైలు పట్టాలు జారతాయి. పట్టాలను అడ్డంగా, సూటిగా దాటాలి. కుక్క వెంటపడి పడినవారు ఈసారి వేగం పెంచకుండా మెల్లగా ఆగి, దిగి, సైకిల్‌ను కుక్కకూ మీకూ మధ్య ఉంచుకోండి.

వెనుక నుంచి వాహనం గుద్దినవారి భయం వేరు. అందులో వారి తప్పు ఉండకపోవచ్చు. వారికి సాధనతో పాటు చోటు కూడా మారాలి. మొదటి వారం వాహనాలు లేని చోట, అంటే పార్కు, కాలనీ లోపలి వీధి, కాలేజీ మైదానం. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబర్ 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వంటివి ఇందుకు పనికొస్తాయి. తర్వాత తెల్లవారాక, ఇంకా రద్దీ మొదలవక ముందు తెలిసిన రోడ్డు. ఆ తర్వాతే రద్దీ. ఒక మెట్టు మీద మూడు నాలుగుసార్లు ఇబ్బంది లేకుండా వెళ్లి వచ్చాకే పై మెట్టు. మొదట్లో తోడు ఒకరిని పెట్టుకోండి.

రోడ్డు అంచుకు మరీ అతుక్కుని వెళ్లకండి. అంచున ఇసుక, డ్రైనేజీ జాలీలు ఉంటాయి. పైగా వెనుక వాహనం మిమ్మల్ని ఒరుసుకుంటూ దాటడానికి చోటు ఇచ్చినట్టవుతుంది. ఆగి ఉన్న కార్ల పక్కన తలుపు తెరుచుకునేంత దూరం వదలండి.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవారు డాక్టర్ చెప్పాకే ఎక్కాలి. నెల దాటినా పీడకలలు, రోడ్డు దగ్గరకు వెళ్లగానే గుండె దడ, ఆ దారినే తప్పించుకోవడం ఉంటే అది పిరికితనం కాదు. చికిత్స ఉన్న సమస్య. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఏం కొనాలి? ఏది ముందు?

పడిన భయంలో ఖరీదైన కొత్త సైకిల్ కొనేవారున్నారు. ముందు డబ్బు పెట్టాల్సింది పాత సైకిల్ బ్రేకులకు, టైర్లకు. అరిగిన బ్రేక్ ప్యాడ్లు, పగుళ్లు పట్టిన టైర్లు మార్చండి. సన్నటి 23 లేదా 25 మిల్లీమీటర్ల టైర్లు ఉంటే, ఫ్రేమ్‌లో చోటు ఉన్నంత వరకు 28, 32కు వెళ్లండి. మన రోడ్ల మీద పట్టు పెరుగుతుంది. టైర్ మీద రాసి ఉన్న గరిష్ఠ గాలి దాకా కొట్టించాల్సిన పని లేదు.

రెండోది లైట్లు. ముందు తెల్లది, వెనుక ఎర్రది. రాత్రి తిరిగేవారికి ఇది హెల్మెట్ కన్నా ముందు. మెరిసే పచ్చ, నారింజ రంగు చొక్కా పగలే పనిచేస్తుంది. చీకట్లో హెడ్‌లైట్ వెలుగును తిప్పికొట్టే రిఫ్లెక్టివ్ పట్టీలే కనిపిస్తాయి. వాటిని చీలమండలకు, మోకాళ్లకు కట్టుకుంటే పైకీ కిందికీ కదిలే కాళ్లను చూసి అది సైకిల్ తొక్కే మనిషేనని డ్రైవర్లు త్వరగా గుర్తిస్తున్నారని ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. ఖర్చు చాలా తక్కువ. వాచ్‌మన్ డ్యూటీకి వెళ్లే తండ్రికి మీరు కొనివ్వగలిగిన మంచి వస్తువు ఇదే కావచ్చు.

మూడోది హెల్మెట్. మన చట్టంలో సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి కాదు. కానీ గాయపడిన 64,000 మంది సైక్లిస్టుల వివరాలున్న 40 అధ్యయనాలను కలిపి చూస్తే, హెల్మెట్ పెట్టుకున్నవారిలో తీవ్రమైన తల గాయాల అవకాశం దాదాపు 69 శాతం తక్కువగా కనిపించింది. లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ గుర్తు ఉందో లేదో చూడండి. ఐఎస్ 4151 అన్నది మోటార్ సైకిల్ హెల్మెట్ల ప్రమాణం. ధర ఎక్కువైతే రక్షణ ఎక్కువ అని లేదు. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం హెల్మెట్లను పరీక్షించి స్టార్ రేటింగ్‌లు ఇస్తుంది. వాటిని ఉచితంగా చూడొచ్చు. కనుబొమల పైన రెండు వేళ్ల ఎడం, చెవుల కింద వి ఆకారంలో పట్టీ, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు పట్టేంత బిగువు ఉండాలి.

పడినప్పుడు తల తగిలిన హెల్మెట్‌ను మళ్లీ వాడొద్దు. లోపలి థర్మాకోల్ లాంటి పదార్థం ఒక్క దెబ్బకే నలిగిపోయి మీ తలను కాపాడింది. రెండో దెబ్బను అది ఆపలేదు. పైకి బాగానే ఉందని పిల్లలకు ఇవ్వడం ఇంకా ప్రమాదం.

అద్దం, గంట, అరచేతుల్ని కాపాడే గ్లవ్స్ ఆ తర్వాత. బూట్లు పెడల్‌కు లాక్ అయ్యే రకం వాడి, ఆగేటప్పుడు కాలు తీయలేక పడినవారు కొన్నాళ్లు మామూలు పెడల్స్‌కు మారితే నష్టం లేదు.

మన చేతిలో లేనిది

ఇంత చేసినా కొన్ని ప్రమాదాలు ఆగవు. ఎందుకంటే అవి రోడ్డులో ఉన్నాయి. సైకిల్ ట్రాక్‌లు ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సైకిళ్లు, పాదచారుల కోసం రాష్ట్రాలు నిబంధనలు చేయొచ్చని 2019 సవరణతో చట్టంలోకి వచ్చింది. ఆ నిబంధనలు రూపొందించాలని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు 6 నెలల గడువు కూడా ఇచ్చింది.

కాబట్టి పడిన ప్రతిసారీ "నాకే తొక్కడం రాలేదు" అనుకుని ఇంటికి వెళ్లిపోకండి. మీ తప్పు ఉంటే సాధనతో సరిదిద్దుకోవచ్చు. వాహనం తప్పయితే ఎఫ్‌ఐఆర్‌లో, రోడ్డు తప్పయితే ఫిర్యాదులో రాసి ఉండాలి. అది రాయించడానికి గాయం మానే దాకా ఆగొద్దు. నడవలేకపోతే ఇంట్లోవాళ్లను స్టేషన్‌కు పంపండి.